సోలారా, ఎలక్ట్రిక్ బండా, సీఎన్‌జీనా, పెట్రోలేనా? తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఒక లెక్క

చిత్తూరు నుంచి వేలూరు వైపు తరచూ తిరిగేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఇక్కడ బోర్డర్ దాటేంత మటుకే పెట్రోలు పోయించుకుని, తమిళనాడులోకి వెళ్లాక ట్యాంకు ఫుల్ చేయిస్తారు. పలమనేరు వాళ్లు ముళబాగిలు వైపు వెళ్లినా అదే పని. క్రూడ్ అదే, పెట్రోలూ అదే, మధ్యలో ఒక గీత మాత్రమే. ఆ గీతకు ఇవతల లీటరు మీద 31 శాతం వ్యాట్, అది కాక 4 రూపాయల అదనపు పన్ను, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. దేశంలో పెట్రోలు ఎక్కువ ధర పలికే రాష్ట్రాల్లో మనది ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటుంది.

అందుకే ఈ మధ్య ఏ నలుగురు కలిసినా ఇదే మాట. చేతిలో లక్షో రెండు లక్షలో ఉన్నాయి, లేదా అంత అప్పు పుడుతుంది. దాన్ని మిద్దె మీద సోలార్‌కు పెట్టాలా, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలా, సీఎన్‌జీ కారుకు మారాలా, లేక ఉన్న పెట్రోలు బండినే ఇంకో ఐదేళ్లు లాగించాలా? షోరూమ్ వాడిని అడిగితే తన సరుకే మంచిదంటాడు. బంధువుల్ని అడిగితే వాళ్లు కొన్నదే మంచిదంటారు. కాగితం, పెన్ను పట్టుకుని మనమే లెక్క వేసుకుందాం.

## ముందు ఏం చూడాలి

మొదటిది, ధర ఎవరి చేతిలో ఉంది అన్నది. మన దేశం వాడే క్రూడాయిల్‌లో 85 శాతానికి పైగా దిగుమతే. బ్యారెల్ ధర 2008 జులైలో 147 డాలర్ల దాకా ఎగబాకింది. 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి పడిపోయింది. 2020 ఏప్రిల్లో అమెరికాలో ఒకరోజు సున్నా కంటే కిందికి పోయింది, అంటే సరుకు తీసుకెళ్లమని అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చాడు. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంతో మళ్లీ 130 డాలర్లు దాటింది.

పడినప్పుడు మనకేం ఒరిగింది? 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. 2020లో కరోనా వేళ క్రూడ్ నేలకు తగిలితే, మే నెలలో ఒకే దెబ్బకు పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచారు. పెరిగినప్పుడు మాత్రం ఇవాళ కాకపోతే రేపు, ఎన్నికలు అయ్యాకైనా మన దాకా వస్తుంది. 2017 జూన్ నుంచి ధర రోజూ మారుతుందని పేరు. అయినా 2022 మే తర్వాత దాదాపు రెండేళ్లు బంకు బోర్డు మీద అంకె కదల్లేదు. లోక్‌సభ ఎన్నికల ముందు, 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గింది. కాబట్టి ‘క్రూడ్ తగ్గుతోందట, ఆగుదాం’ అని నిర్ణయం వాయిదా వేసేవాళ్లు ఢిల్లీ, అమరావతి ఖజానాల సంగతి మర్చిపోతున్నారు.

రెండోది, నెలకు మన వాడకం ఎంత. తక్కువ తిరిగేవాడికి, తక్కువ కరెంటు కాల్చేవాడికి ఏ కొత్త వస్తువూ లాభం తేదు. ఈ మాట అమ్మేవాడు చచ్చినా చెప్పడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే: వడ్డీ. పెట్రోలుకు రోజూ కొంచెం కొంచెం కడతాం. సోలార్‌కు, బ్యాటరీ బండికి పదేళ్ల ఇంధనం డబ్బు మొదటి రోజే కట్టేస్తాం. ఆ డబ్బు ఏ వడ్డీకి వచ్చిందన్నదే లాభనష్టాలను తేలుస్తుంది.

ఇక సబ్సిడీ ఎన్నాళ్లు ఉంటుంది, రిపేరుకు మనిషి ఊళ్లో దొరుకుతాడా, మళ్లీ అమ్మితే ఎంత వస్తుంది అన్నవి తర్వాతి సంగతులు.

## మిద్దె మీద సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది, గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78 వేలు సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకూ బీసీ ఇళ్లకూ రాష్ట్రం తన వంతు అదనపు సాయం ప్రకటించింది. మీకు ఏది వర్తిస్తుందో దగ్గరలోని విద్యుత్ ఆఫీసులో అడగండి. చంద్రగిరి మండలం నారావారిపల్లెలో ఇళ్ల మీద ప్యానెళ్లు వచ్చాక చుట్టుపక్కల ఊళ్లలో ఆసక్తి బాగా పెరిగింది.

మన ఎండకు ఒక కిలోవాట్ నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తుంది. రాష్ట్రంలో ఇళ్ల కరెంటు స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. దీని మీద సర్దుబాటు ఛార్జీలు, సుంకం, ఫిక్స్‌డ్ ఛార్జీ వేరు. కింది లెక్క వాటిని వదిలేసి వేసింది. సోలార్ ఖర్చు కూడా ఉజ్జాయింపే, మీ కొటేషన్‌తో సరిచూసుకోండి.

| నెల వాడకం | ఇప్పుడు ఎనర్జీ ఛార్జీ | పెట్టదగ్గ సోలార్ | సబ్సిడీ పోను ఖర్చు | నెలకు మిగిలేది | పెట్టింది తిరిగొచ్చేది |
|---|---|---|---|---|---|
| 120 యూనిట్లు | ₹395 | 1 కిలోవాట్ | ₹40,000 | ₹395 | ఎనిమిదిన్నరేళ్లు |
| 200 యూనిట్లు | ₹867 | 2 కిలోవాట్లు | ₹70,000 | ₹867 | ఆరేళ్ల పైన |
| 350 యూనిట్లు | ₹2,110 | 3 కిలోవాట్లు | ₹1,20,000 | ₹2,110 | ఐదేళ్ల లోపు |
| 500 యూనిట్లు | ₹3,523 | 3 కిలోవాట్లు | ₹1,20,000 | ₹3,016 | మూడున్నరేళ్ల లోపు |

చివరి రెండు వరుసలు చూడండి. పెట్టే ఖర్చు ఒకటే, వచ్చే కరెంటు ఒకటే, మిగిలేది మాత్రం వేరు. సోలార్ మీ బిల్లును పైనుంచి కోసుకొస్తుంది. పై స్లాబులో 9.75 రూపాయల యూనిట్లు ముందు పోతాయి. ఏసీలు రెండు తిరిగే ఇల్లయితే ఇక ఆలోచించక్కర్లేదు. ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ తప్ప ఏమీ లేని ఇంటికి మాత్రం నేను వద్దనే అంటాను. మొదటి 75 యూనిట్లకు ప్రభుత్వమే చౌకగా ఇస్తుంటే, దానికి పోటీగా మనం 40 వేలు పెట్టడం దేనికి?

అవసరానికి మించి పెట్టుకుంటే గ్రిడ్‌కు అమ్మి సంపాదించొచ్చు అనే మాటను కూడా కొంచెం తగ్గించి వినండి. మీరు వాడుకున్న యూనిట్లు మీ బిల్లు ధరకు తీరుతాయి. మిగులు యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే ధర అంతకంటే చాలా తక్కువ.

కప్పు మీద చూసుకోవాల్సినవి మన ఊరికి తగ్గట్టు కొన్ని ఉన్నాయి. తిరుపతిలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే దిక్కు, అవి ఉప్పు నీళ్లు. ప్యానెళ్లను వాటితో కడిగి వదిలేస్తే గీజర్‌లో పేరుకున్నట్టే గాజు మీద తెల్లటి పొర కడుతుంది. రెండు వేసవులు గడిస్తే అది గోకినా పోదు, కరెంటు తగ్గుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడమో, కడిగిన వెంటనే రబ్బరు వైపర్‌తో నీటిని లాగేయడమో చేయాలి. అదీ తెల్లవారుజామునే. మధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు వస్తాయి. వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం నీరసపడుతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్లు కోతుల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ప్యానెల్ మీద ఎక్కి దూకితే గాజు ఆగుతుంది కానీ, కింద వేలాడే వైర్లను పీకి పెడతాయి. వైర్లన్నీ పైపులో పోయించమని ముందే చెప్పండి.

## అదే ఎండ, వేరే వడ్డీ

మూడు కిలోవాట్ల సోలార్‌కు లక్షా 20 వేలు అప్పు తెచ్చారనుకుందాం. సూర్య ఘర్ కింద బ్యాంకులు ఇచ్చే రుణం మొదట్లో దాదాపు 7 శాతం. మొదటి నెల వడ్డీ 700 రూపాయలు. 350 యూనిట్ల ఇంటికి నెలకు మిగిలేది 2,110. వడ్డీ పోను 1,400 అసలుకు జమ. అప్పు ఎనిమిది, తొమ్మిదేళ్లు సాగుతుందన్న భయమే లేదు, ఇంకా ముందే తీరుతుంది.

అదే డబ్బును తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 2,400. సోలార్ మిగిల్చేది వడ్డీకే చాలదు, అసలు అలాగే ఉంటుంది. ప్యానెల్ అదే, ఎండ అదే, ఇల్లు అదే. ఒకరికి లాభం, ఇంకొకరికి ఊబి. బంగారం కుదువ పెట్టి తెస్తే మధ్యస్తంగా తేలుతుంది. రూపాయి వడ్డీ వరకు ఫర్వాలేదు, ఆపైన సోలార్ మాట ఎత్తొద్దు.

ప్రపంచ వాతావరణ సదస్సుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న పేచీ కూడా సరిగ్గా ఇదే. 2009లో కోపెన్‌హేగెన్‌లో ధనిక దేశాలు 2020 నాటికి ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు ఇప్పిస్తామన్నాయి. ఆ అంకెను దాటింది 2022లో, అంటే రెండేళ్లు ఆలస్యంగా. అందులోనూ ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం అప్పులే, గ్రాంట్లు కావు. 2024 నవంబరులో బాకు సదస్సులో కొత్త అంకె ఒప్పుకున్నారు: 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు. వర్ధమాన దేశాలు అడిగింది లక్షా 30 వేల కోట్లు. ఆ తీర్మానాన్ని ఆమోదించిన వెంటనే మన దేశ ప్రతినిధి లేచి, ఇది మాకు సమ్మతం కాదని అదే సభలో చెప్పారు. 2025 జనవరిలో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఇంత గొడవ ఎందుకంటే, 2024 ఫిబ్రవరిలో కెన్యా డాలర్ బాండ్లు అమ్మితే 10 శాతం పైన వడ్డీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ధనిక దేశం అందులో సగానికే తెచ్చుకుంటుంది. కెన్యాలో ఎండ తక్కువా? కాదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడి కష్టం దేశాలకూ ఉంది, అంతే. డీజిల్ జనరేటరు కొనడానికి తక్కువ అప్పు చాలు, సోలార్ ప్లాంటుకు ఎక్కువ అప్పు కావాలి. వడ్డీ పెరిగేకొద్దీ బీద దేశం నూనె వైపే ఉండిపోతుంది.

ఆ డబ్బు మన దాకా వస్తుందా? కొంత వచ్చింది. 2016లో ప్రపంచ బ్యాంకు స్టేట్ బ్యాంకు ద్వారా కప్పుల మీది సోలార్‌కు 62.5 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. అప్పట్లో అది ఎక్కువగా ఫ్యాక్టరీల, సంస్థల కప్పుల మీదికే చేరింది. 2022లో ఇళ్ల కోసమని ఇంకో 16.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సూర్య ఘర్ సబ్సిడీ మాత్రం మన కేంద్ర బడ్జెట్ నుంచి, అంటే మన పన్నుల నుంచే వస్తోంది. కాబట్టి బయటి డబ్బుతో ఏదో మహా పథకం వస్తుందని ఎదురు చూడకండి. చేతిలో ఉన్నది 7 శాతం అప్పు, 78 వేల సబ్సిడీ. లెక్క దాంతోనే వేయాలి.

## బండ్ల సంగతి

లెక్క కోసం పెట్రోలు 110, సీఎన్‌జీ కిలో 95, ఇంట్లో కరెంటు యూనిట్ 8 నుంచి 9 రూపాయలు, రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ యూనిట్ 20 అనుకుందాం. మీరు చదివే రోజు ధరలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, వరుస మాత్రం పెద్దగా మారదు.

| బండి | కిలోమీటరుకు ఖర్చు | పెట్రోలు బండి కన్నా అదనంగా పెట్టేది | తిరిగి రావడానికి తిరగాల్సింది |
|---|---|---|---|
| పెట్రోలు స్కూటర్, లీటరుకు 45 | ₹2.40 | – | – |
| ఎలక్ట్రిక్ స్కూటర్, ఇంట్లో చార్జింగ్ | ₹0.26 | సుమారు ₹30,000 | 14,000 కి.మీ. |
| పెట్రోలు కారు, లీటరుకు 16 | ₹6.90 | – | – |
| సీఎన్‌జీ కారు, కిలోకు 22 | ₹4.30 | సుమారు ₹95,000 | 36,500 కి.మీ. |
| ఎలక్ట్రిక్ కారు, ఇంట్లో చార్జింగ్ | ₹1.30 | సుమారు ₹3,00,000 | 54,000 కి.మీ. |
| ఎలక్ట్రిక్ కారు, ఫాస్ట్ చార్జర్ | ₹3.00 | సుమారు ₹3,00,000 | 77,000 కి.మీ. |

స్కూటర్ విషయంలో తగాదా లేదు. రేణిగుంట నుంచి తిరుపతికి రోజూ డ్యూటీకి వచ్చిపోయేవాడికి, బట్టల షాపుకు, కాలేజీకి రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదిన్నర లోపే అదనపు ఖర్చు తీరిపోతుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే రిటైర్డ్ మాస్టారుకు మాత్రం దాదాపు నాలుగేళ్లు. అప్పటికి బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందోనన్న టెన్షన్ మొదలవుతుంది. ఆయన పాత స్కూటరే ఆయనకు మేలు.

సబ్సిడీ గురించి ఒక మాట. ఎలక్ట్రిక్ టూవీలర్లకు కేంద్రం ఫేమ్ పథకం రెండో విడతలో బ్యాటరీ సైజును బట్టి కిలోవాట్ అవర్‌కు 15 వేలు ఇచ్చేది. 2023 జూన్‌లో 10 వేలకు తగ్గించింది. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో అది 5 వేలయింది, మరుసటి ఏడాదికి 2,500. ఈ మెట్లు కిందికే పోతున్నాయి. అయితే బ్యాటరీల ధరలు కూడా తగ్గుతూనే వచ్చాయి కాబట్టి, సబ్సిడీ పోతోందని ఎవరో తొందరపెడితే హడావిడిగా సంతకం పెట్టక్కర్లేదు.

సీఎన్‌జీ గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. అందరూ దాన్ని పెట్రోలుకు విరుగుడు అనుకుంటారు. మన దేశం వాడే గ్యాసులో సగం దాకా ఓడల్లో వచ్చే ఎల్ఎన్‌జీ, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాసు. దాని ధరల్లో చాలా భాగం క్రూడ్ ధరను పట్టుకునే నడుస్తాయి. 2022లో యూరప్ గ్యాసు కోసం ఎగబడినప్పుడు ఇక్కడ సీఎన్‌జీ కూడా గబగబా పెరిగింది. కాబట్టి సీఎన్‌జీతో ఖర్చు తగ్గుతుంది, రిస్కు తగ్గదు. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి పెట్టింది రావడానికి ఆరేళ్లు, డిక్కీలో సగం సిలిండర్ పాలు. నెలకు 3 వేల కిలోమీటర్లు తిరిగే బాడుగ కారుకు ఏడాదిలో వచ్చేస్తుంది. వాళ్లకు మాత్రమే అది సరైన బండి.

పెట్రోలు కారు ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. 2025 నుంచి బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి పాత బండ్లకు మైలేజీ కొంత తగ్గుతుంది. మీ బండి మైలేజీని కంపెనీ చెప్పిన అంకెతో కాక, ట్యాంకు ఫుల్ చేసి మళ్లీ ఫుల్ చేసి కొలుచుకుని లెక్క వేయండి.

## కొండ ఎక్కే బాడుగ బండి

తిరుపతి క్యాబ్ డ్రైవర్ల లెక్క ఇంకెక్కడా పనికిరాదు, ఇక్కడికే ప్రత్యేకం. పొద్దున కొండకు, దిగి తిరుచానూరుకు, మధ్యాహ్నం శ్రీకాళహస్తికి, వీలైతే కాణిపాకానికి. రోజంతా ఆగుతూ కదులుతూ ఉండే బండి.

తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 800 మీటర్ల ఎత్తు. కారు, మనుషులు, సామాను కలిపి 1,700 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు మోయడానికే 3.7 యూనిట్ల కరెంటు కావాలి. దారి ఖర్చు దానికి అదనం. అందుకే ఎక్కేటప్పుడు బ్యాటరీ అంకె కళ్లముందే కరుగుతుంటే కొత్త డ్రైవరుకు గుండె జారుతుంది. కానీ దిగేటప్పుడు మోటారే బ్రేకుగా పనిచేసి, అందులో మంచి వాటాను తిరిగి బ్యాటరీలోకి పోస్తుంది. పెట్రోలు బండికి దిగుడులో మిగిలేది బ్రేకు ప్యాడ్ల వాసనే. ఇక్కడ ఒక కిటుకు ఉంది: పైన బ్యాటరీని వంద శాతం నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీలో తిరిగొచ్చే కరెంటు పట్టదు, బ్రేకులే కాలతాయి.

ఆర్టీసీ ఈ లెక్కను ముందే వేసుకుంది. 2022 సెప్టెంబరు చివర్లో అలిపిరి డిపోకు వంద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి, అందులో 50 కొండ దారికే. ఆర్టీసీ ఆ బస్సుల్ని కొనలేదు. ప్రైవేటు కంపెనీ కొని నడుపుతుంది, తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడుతుంది, కేంద్ర సబ్సిడీ ఆ కంపెనీకి వెళ్లింది. ముందు పెట్టుబడి భారం, అప్పు, వడ్డీ అన్నీ తక్కువ వడ్డీకి తేగలిగినవాడి నెత్తిన పెట్టారు. మన క్యాబ్ డ్రైవరుకు ఆ వెసులుబాటు లేదు. ఫైనాన్స్ కంపెనీ అతనికి ఇచ్చే రేటు సొంత ఇల్లున్న ఉద్యోగికి ఇచ్చే రేటు కాదు.

కాబట్టి డ్రైవర్లకు నా సలహా ఇది. సొంత ఇల్లు, రాత్రి బండి పెట్టి చార్జ్ చేసుకునే జాగా ఉండి, ట్రిప్పులన్నీ ఊరి చుట్టుపక్కలే అయితే ఎలక్ట్రిక్ కారు. బాడుగ ఇంట్లో ఉంటూ వీధిలో బండి పెట్టుకునేవాళ్లు, చెన్నై, బెంగళూరు ట్రిప్పులు ఎక్కువ కొట్టేవాళ్లు సీఎన్‌జీ. రోడ్డు పక్క చార్జర్ల మీదే ఆధారపడితే కిలోమీటరుకు 3 రూపాయలు అవుతుంది, సీఎన్‌జీతో తేడా రూపాయి పైచిలుకే. ఆ రూపాయి కోసం రెండు లక్షలు ఎక్కువ అప్పు, రోజుకు గంట నిరీక్షణ. ఆ గంటలో ఒక తిరుచానూరు ట్రిప్పు పోతుంది.

## మామిడి తోట, లాడ్జి

రైతుల దగ్గరకు సోలార్ పంపుసెట్ల ఏజెంట్లు బాగానే తిరుగుతున్నారు. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో పంపు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలింది రైతు. వినడానికి బాగుంటుంది. కానీ మన రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్‌కు పగటి పూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఉంది. ఉచితంగా వచ్చేదాన్ని మిగిల్చడానికి లక్షలు పెట్టడంలో రైతుకు వచ్చేదేముంది? లైను రాని పొలం, డీజిల్ ఇంజనుతో తోడుకునే బావి ఉన్నవాళ్లకు మాత్రం అది వరమే. ఇంకో చిక్కు: పథకంలో కేంద్ర సబ్సిడీ ఏడున్నర హార్స్‌పవర్ పంపు దాకానే. పుంగనూరు, మదనపల్లె వైపు వెయ్యి అడుగులు దింపిన బోర్లకు అది ఏమూలకు? తోటాపురి రేటు పడిపోయిన ఏడాది చేతిలో కొంచెం డబ్బు మిగిలితే, అది డ్రిప్ లైన్లకు పెట్టడం మేలు.

లాడ్జిలు, మెస్సులు నడిపేవాళ్లది ఇంకో లెక్క. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర నెల మొదటి తారీఖున మారుతుంది, దానికి ఇంటి సిలిండర్‌కున్న రక్షణ లేదు. దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే. యాత్రికులకు తెల్లవారుజామున నాలుగింటికే వేణ్నీళ్లు కావాలి, దానికి గీజర్లు కాల్చే కరెంటు కమర్షియల్ రేటులో. ఇలాంటి లాడ్జికి సోలార్ ప్యానెళ్ల కన్నా ముందు పెట్టాల్సింది సోలార్ వాటర్ హీటర్. ఎండను కరెంటుగా మార్చి మళ్లీ ఆ కరెంటుతో నీళ్లు కాచడం కన్నా, నేరుగా కాచడం చౌక. సాయంత్రం కాగిన నీళ్లు ట్యాంకులో తెల్లారే దాకా వేడిగానే ఉంటాయి. కొండ మీద అన్నదానం వంటశాలకు డీజిల్ ఖర్చు తగ్గించడానికి అద్దాల డిష్‌లతో ఎండ ఆవిరిని తయారు చేసే ఏర్పాటు రెండు దశాబ్దాల కిందే వచ్చింది, అంత పెద్ద వంటకు అప్పుడే పనికొచ్చింది.

## ఎవరు దేంతో మొదలుపెట్టాలి

సొంత మిద్దె ఉండి నెలకు 300 యూనిట్లు దాటే ఇంట్లో మొదట సోలార్, తర్వాతే బండి. సోలార్ పెట్టిన ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ నెలకు ముప్పై యూనిట్లకు మించదు, బిల్లులో కనిపించను కూడా కనిపించదు.

125 యూనిట్ల లోపు ఇంట్లో సోలార్ వదిలేసి, తిరుగుడు ఎక్కువుంటే ఎలక్ట్రిక్ స్కూటర్. బాడుగ ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునే స్కూటరే దారి. అదీ ఓనరుతో కరెంటు మీటరు సంగతి ముందే మాట్లాడుకున్నాకే. ఓనరు అందరికీ కలిపి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఇల్లయినా లెక్క తప్పదు, పెట్రోలు కన్నా నయమే.

కారు నెలకు 500 కిలోమీటర్లు తిరగని కుటుంబం ఏమీ మార్చక్కర్లేదు. ఉన్న బండిని బాగా చూసుకోండి, ఆ రెండు లక్షలు సోలార్‌కు పెట్టండి.

సోలార్‌కు దిగేవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు కొటేషన్‌లో ఇవి రాతలో ఉన్నాయో లేదో చూడండి: ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవేనని (సబ్సిడీ రావాలంటే అది తప్పనిసరి), సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు తర్వాతి 5 శాతం రేటుతోనే వేశారని, నెట్ మీటరు (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కు ఇచ్చిందీ రెండూ లెక్కించే మీటరు) దరఖాస్తు ఎవరు పెడతారని, ఇన్వర్టరు పాడైతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడని. మన డిస్కం హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కాబట్టి నెట్ మీటరు ఆలస్యమైతే వెళ్లి అడగడం తేలికే. సబ్సిడీ పోను మిగిలింది ఇస్తే చాలు అనే వెండర్ దగ్గర ఇంకో ప్రశ్న అడగండి: సబ్సిడీ నేరుగా నా బ్యాంకు ఖాతాలోకే కదా వచ్చేది, మరి అది రాకపోతే బాకీ ఎవరిది? దీనికి కాగితం మీద జవాబు రాసివ్వకపోతే ఇంకో వెండర్‌ను చూసుకోండి.